బతుకమ్మ పుస్తకం ఆషాఢంలోనే మొదలవుతుంది

అచ్చుపని వెనక నుంచి మొదలవుతుంది. పాటల పుస్తకమైనా, కరపత్రమైనా, పెండ్లి కార్డైనా, గోడ పోస్టరైనా అంతే. అది ఏ రోజున, ఎవరి చేతికి అందాలో ముందు తేలాలి. ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. లెక్క ఎక్కడ ఆగుతుందో ఆ రోజే పని మొదలుపెట్టాల్సిన రోజు. ఈ ప్రసంగంలో వినిపించే మాట ముఖ్యంగా ఇదొక్కటే. చేతికి అందే రోజు నుంచి వెనక్కి లెక్క.

చాలాచోట్ల జరిగేది వేరు. ముందు పేర్లో, పాటలో, ఫొటోలో పోగవుతాయి. తీరిక దొరికినప్పుడు అవి డీటీపీ సెంటరుకు చేరుతాయి. ప్రెస్సు గడప ఎక్కేసరికి పండుగ నాలుగు రోజుల్లో ఉంటుంది. అప్పుడు ప్రూఫు చూసే వ్యవధి ఉండదు. కాగితం ఏది దొరికితే అది. రంగు ఎలా వస్తే అలా. పేర్లలో తప్పులు పడ్డాక ఊరంతా చూస్తుంది. ప్రెస్సువాళ్లకు పని రాక ఇలా జరగదు. నిర్ణయాలన్నీ చివరి రెండు రోజుల్లోకి వచ్చి పడటం వల్ల జరుగుతుంది.

వెనక నుంచి ఆలోచించడం ఉమ్మడి నల్గొండ నేతగాళ్లకు కొత్త కాదు. పోచంపల్లిలో చీర మగ్గం ఎక్కకముందే దాని పువ్వులు నిర్ణయమైపోతాయి. డిజైను మొదట గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ గళ్లను బట్టి నూలు పోగులకు కట్లు కడతారు. కట్టు ఉన్నచోట రంగు అంటదు. కట్టు లేనిచోట అంటుతుంది. కట్టడం, రంగులో ముంచడం, ఆరబెట్టడం, మళ్లీ కట్టడం. అదంతా అయ్యాకే నేత. నేసేటప్పుడు పువ్వు నచ్చలేదంటే చేయగలిగింది లేదు. పువ్వు అప్పటికే పోగులో ఉంది. పుట్టపాక తేలియా రుమాలు ఇంకా కఠినమైన పని. అందులో పడుగుకూ కట్లే, పేకకూ కట్లే. రెండూ మగ్గం మీద కలిసినప్పుడే బొమ్మ తేలుతుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేతలో కనిపించే అందానికి వెనక ఉన్నది ముందే తీసుకున్న నిర్ణయాలు.

అచ్చుపనిలో ఆ కట్టులాంటిది ప్లేటు. ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్రతి రంగుకూ ఒక పల్చని అల్యూమినియం ప్లేటు తయారవుతుంది. ప్లేటు తయారయ్యేదాకా అక్షరం మార్చడానికి అయ్యే ఖర్చు కొద్ది నిమిషాల శ్రమ. ప్లేటు తయారయ్యాక అదే అక్షరం మార్చాలంటే కొత్త ప్లేటు కావాలి. అచ్చు పడ్డాక మార్చాలంటే కాగితమే కొత్తగా కొనాలి. తప్పు అదే. ధర మాత్రం గడప దాటినకొద్దీ పెరుగుతుంది. అందుకే వెనక్కి లెక్క.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఈ లెక్క స్పష్టమవుతుంది. ఒక ఊరి మహిళా సంఘం బతుకమ్మ పాటల పుస్తకం వేయించాలనుకుంది అనుకుందాం. ఊరు నకిరేకల్ దగ్గర కావచ్చు, నాగర్‌కర్నూల్ దగ్గర కావచ్చు. పుస్తకం 32 పేజీలు. పైన అట్ట. వెయ్యి కాపీలు. వింటున్నవారి దగ్గర కాగితం, కలం ఉంటే ఇప్పుడు తీసుకోవచ్చు.

ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు. పుస్తకం ఆ సాయంత్రం చేతిలో ఉండాలి. చుట్టుపక్కల ఊళ్లకు పంచడానికి, అమ్మడానికి 10 రోజులు కావాలి. అంటే అమావాస్యకు 10 రోజుల ముందే కట్టలు సంఘానికి చేరాలి. మడత పెట్టి, పిన్ను కొట్టి, అంచులు కోయడానికి 4 రోజులు. మొత్తం 14. అచ్చుకూ, సిరా ఆరడానికీ 4 రోజులు. 18. ప్లేట్లకు 2 రోజులు. 20. రెండో ప్రూఫుకు 3, దిద్దుబాట్లకు 2, మొదటి ప్రూఫుకు 4. ఈ మూడూ కలిపి 9. అక్కడికి 29. డీటీపీకీ, పేజీల కూర్పుకూ వారం. 36. పాటలు సేకరించి, ఏవి ఉండాలో తేల్చడానికి నెల. మొత్తం 66 రోజులు.

భాద్రపద అమావాస్య నుంచి 66 రోజులు వెనక్కి వెళితే ఆషాఢ బహుళంలో పడుతుంది. ఒకవైపు బోనాలు జరుగుతుండగానే బతుకమ్మ పుస్తకం మాట మొదలవ్వాలి. భాద్రపదంలో మొదలుపెట్టిన పుస్తకం దీపావళికి వస్తుంది. ఈ లెక్కలో రోజులు ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు. వరుస మాత్రం మారదు. ప్రెస్సుల్లో పనులు ఎక్కువ ఉండే కాలమూ చూసుకోవాలి. పెండ్లి ముహూర్తాలు ఉన్న నెలల్లో, ఎన్నికల రోజుల్లో, దసరా ముందు యంత్రాలు ఖాళీగా ఉండవు. అలాంటప్పుడు లెక్కకు మరో నాలుగైదు రోజులు కలపాలి.

రోజు తేలాక తేలాల్సింది మనిషి. పుస్తకాన్ని ఎవరు చదువుతారు, ఎక్కడ చదువుతారు, ఏ వెలుతురులో చదువుతారు. బతుకమ్మ ఆడేది సాయంత్రం. వాకిట్లోనో, గుడి ముందరో, చెరువుగట్టు మీదో ఆడతారు. పాట ఎత్తుకునేది ఒకరు. మిగతావాళ్లు అందుకుంటారు. చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే చేతులు ఖాళీ ఉండవు. కాబట్టి పుస్తకం ఉండేది పాట ఎత్తుకునే మనిషి దగ్గర. ఆమె వీధి దీపం వెలుతురులో చదవాలి. మామూలు పుస్తకాల్లో వాడే 12 పాయింట్ల అక్షరం అక్కడ చాలదు. 16 పాయింట్లు కావాలి. ఒక పాట మధ్యలో పేజీ తిప్పే అవసరం రాకూడదు. ఎడమ పేజీలో మొదలైన పాట కుడి పేజీలో ముగియాలి. ఇవన్నీ డిజైను నిర్ణయాలే. కంప్యూటరు ముందు కూర్చోకముందే ఇవి తేలిపోయాయి. మనిషిని తలుచుకుంటే చాలు.

మనిషి మారితే కాగితమూ మారుతుంది. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లేవాళ్లకు కార్మిక హక్కుల గురించి కరపత్రం వేయాలంటే, అది చొక్కా జేబులో పట్టాలి. అందులోని ముఖ్యమైన ఫోన్ నంబరు మడత మీద పడకూడదు. మడత పడ్డచోట సిరా ముందు చెరుగుతుంది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీద పోస్టరు వేయాలంటే దారి వేరు. ఆ ప్రాంతం దశాబ్దాలుగా ఫ్లోరోసిస్ బాధ పడ్డది. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పోస్టరును మనిషి నడుస్తూ పది అడుగుల దూరం నుంచి చూస్తాడు. ఆగి చదవడు. కాబట్టి ఒక పోస్టరుకు ఒకే మాట. ఏ బోరు నీళ్లు తాగకూడదో, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పే మాట. మిగతా వివరాలకు కరపత్రం ఉంది.

ఏం సాధించాలో ముందే తేల్చుకుని చేసిన గొప్ప అచ్చుపని ఒకటి పాలమూరు మనిషి చేతి మీదుగా జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి 1896లో పుట్టారు. వారి సొంతూరు ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటికాలపాడు. 1926 మే 10న హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలైంది. దాన్ని నడిపింది ఆయనే. నిజాం రాజ్యపు తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి ఆ కాలంలో వినిపించింది. ఆ మాటకు పుస్తకంతోనే జవాబు చెప్పాలని ప్రతాపరెడ్డి నిశ్చయించారు. పత్రిక ద్వారా కవులను పద్యాలు పంపమన్నారు. ఊరూరి నుంచి వచ్చాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులు.

ఈ పనిని అచ్చు కోణంలో చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. పుస్తకం చేయాల్సిన పని ముందే తేలింది. తెలంగాణలో కవులు ఉన్నారని చూపించాలి. అలా చూపించాలంటే నాలుగైదుగురు గొప్ప కవుల పద్యాలు ఎంత బాగున్నా చాలవు. సంఖ్య కావాలి. ప్రతి కవి పేరూ కావాలి. ఎక్కడివాడో తెలియాలి. అంటే పద్యంతోపాటు మనిషి వివరమూ అడగాలి. ఏ విషయం అడగాలి, దేన్ని ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నలకు జవాబు ఆ గమ్యమే చెప్పింది. అది ఫోను లేని కాలం. అన్నీ ఉత్తరాలే. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో పేర్చే కాలం. తెలుగులో గుణింతాలకూ వత్తులకూ వేర్వేరు అచ్చులు కావాలి. అలాంటి కాలంలో 354 మంది పేర్లను ఒక సంచికలోకి తేవడం ఎంత ఓర్పు పనో ప్రెస్సు ఎరిగినవాళ్లకు తెలుస్తుంది.

ఈ నేల మీద అచ్చు చరిత్ర అంతకుముందే ఉంది. 1913లో మహబూబ్‌నగర్ నుంచి హితబోధిని అనే మాసపత్రిక వచ్చింది. 1922లో నల్గొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నీలగిరి వారపత్రికను నడిపారు. వారపత్రిక అంటే వారం వారం వెనక్కి లెక్క. పత్రిక రావాల్సిన రోజు కదలదు. కదలాల్సింది మిగతా పనులే.

మళ్లీ సంఘం పుస్తకం దగ్గరికి. పాటలు సేకరించే నెలలో జరిగే పొరపాటు ఒకటుంది. ఒక్కొక్కరు ఒక్కో రకంగా పంపుతారు. ఒకరు వాట్సాప్‌లో టైపు చేస్తారు. ఒకరు నోటుపుస్తకంలో రాసింది ఫొటో తీస్తారు. ఇంకొకరు పాడి గొంతు పంపుతారు. ఇవన్నీ అలాగే డీటీపీకి వెళితే గందరగోళమే. ముందు అన్నీ ఒకచోట, ఒకే పుస్తకంలోకి లేదా ఒకే ఫైలులోకి శుభ్రంగా ఎక్కాలి. ప్రతి పాట పక్కన ఎవరు పాడారో, ఏ ఊరో రాయాలి. జానపదం ఏదో, ఎవరైనా ఒక కవి రాసిందేదో అప్పుడే తేలాలి. ఒకరు రాసిన పాట అయితే వారి అనుమతి కావాలి, పేరు వేయాలి. ఈ ఒక్క పనీ ఒకే మనిషికి అప్పగించాలి. ఇద్దరి చేతుల్లో ఉన్న మాటరు ఎవరి చేతిలోనూ లేనట్టే.

మాటరు పూర్తయ్యాకే డీటీపీ. ఈ గడప దగ్గర ఓపిక పట్టడం కష్టం. సగం పాటలు ఇచ్చి పని మొదలుపెట్టించి మిగతావి తర్వాత ఇద్దామనిపిస్తుంది. కట్లు సగం కట్టి నూలు రంగులో ముంచినట్టే అది. మధ్యలో ఒక పాట చేరితే తర్వాతి పేజీలన్నీ జరుగుతాయి. విషయసూచిక మారుతుంది. ఎడమ, కుడి పేజీల లెక్క తప్పుతుంది.

ఇక పుస్తకం సైజు, పేజీల సంఖ్య. ఇది చేత్తో చేసి చూస్తేనే అర్థమవుతుంది. వింటున్నవారు ఒక పాత కాగితం తీసుకుని అడ్డంగా ఒకసారి మడవాలి. నిలువుగా మరోసారి. మళ్లీ అడ్డంగా మూడోసారి. ఇప్పుడు చేతిలో 8 ఆకుల చిన్న పుస్తకం ఉంది. 8 ఆకులంటే 16 పేజీలు. ఆ పేజీలకు వరుసగా నంబర్లు వేసి కాగితం విప్పి చూడాలి. కొన్ని నంబర్లు తలకిందులుగా ఉంటాయి. ఒకటో పేజీ పక్కన 16వ పేజీ ఉంటుంది. ప్రెస్సులో పెద్ద షీటు మీద పేజీలు అచ్చయ్యేది ఆ వరుసలోనే. దాన్ని ఫారం అంటారు.

ఇందులో ఒక ఉపయోగం ఉంది. పుస్తకం పేజీలు 16, 32, 48 ఇలా పెరిగితే కాగితం పూర్తిగా వాడకం అవుతుంది. 34 పేజీలు వేయాలంటే రెండు పేజీల కోసం ఇంకో షీటు కోయాలి. కాబట్టి 34 పేజీలు వచ్చే మాటరును 32కు తగ్గించాలి. ఒక పాట తీసేయడమో, అక్షరం కాస్త సర్దడమో చేయాలి. క్రౌన్ షీటు 15 అంగుళాలకు 20 అంగుళాలు. దాన్ని పైన చెప్పినట్టు మూడుసార్లు మడిస్తే పేజీ 5 అంగుళాల వెడల్పు, ఏడున్నర అంగుళాల పొడవు వస్తుంది. దీన్నే క్రౌన్ 1/8 సైజు అంటారు. చేతిసంచిలో పడుతుంది. పాటల పుస్తకానికి సరిగ్గా నప్పుతుంది. 32 పేజీలంటే ఒక కాపీకి రెండు క్రౌన్ షీట్లు. వెయ్యి కాపీలకు రెండు వేల షీట్లు. రీముకు 500 షీట్ల లెక్కన 4 రీములు. పెనం మీద మొదటి దోసె సరిగా రానట్టే, మిషను కుదురుకునేదాకా కొన్ని షీట్లు పాడవుతాయి. వాటికి కొంత కాగితం అదనంగా పెట్టుకోవాలి.

అలా మడిచిన పుస్తకాన్ని పారేయకూడదు. ఏ పేజీలో ఏ పాటో దాని మీద పెన్సిలుతో రాయాలి. బొమ్మ ఎక్కడో గీయాలి. ప్రెస్సుల్లో దీన్ని డమ్మీ అంటారు. పోచంపల్లి గళ్ల కాగితం చేసే పనే ఇదీ చేస్తుంది. డమ్మీ చేతిలో ఉంటే డీటీపీ చేసేవారికి వంద మాటలు చెప్పక్కర్లేదు.

కాగితం బరువును జీఎస్ఎం అని చెబుతారు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. లోపలి పేజీలకు 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో సరిపోతుంది. అట్టకు 250 జీఎస్ఎం వరకు కార్డు కావాలి. గద్వాల చీరలో నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. పుస్తకమూ అంతే. లోపల మామూలు కాగితం, పైన గట్టిది. లోపల మెరిసే ఆర్ట్ పేపరు వేస్తే ఖర్చు పెరుగుతుంది. పైగా వీధి దీపం కింద ఆ మెరుపు కళ్లలో కొడుతుంది. పాట ఎత్తుకునే ఆమెకు దానివల్ల మేలు లేదు.

రంగుల దగ్గర తేలియా రుమాలు ఒక మంచి పాఠం. సంప్రదాయంగా అందులో కనిపించేవి ఎరుపు, నలుపు, తెలుపు. తెలుపు గుడ్డదే. అచ్చులోనూ తెల్లదనం కాగితానిదే. రెండు సిరాలతో మూడు రంగులు దొరుకుతాయి. అట్టకు పసుపు కార్డు తీసుకుని ఎరుపు, నలుపు సిరాలు వాడితే తంగేడుపూల రంగు కాగితంలోనే వచ్చేస్తుంది. ఫొటో ఉంటే నాలుగు రంగులు తప్పవు. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. నాలుగు రంగులంటే నాలుగు ప్లేట్లు. ఎన్ని సిరాలు అన్నది అందం సంగతే కాదు, డబ్బు సంగతి కూడా. అది కూడా ముందే తేలాలి.

ఫొటో పంపే తీరులోనే ఎన్నో అట్టలు పాడవుతున్నాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది. ఫోనులో బాగానే కనిపిస్తుంది. అచ్చులో మసకబారుతుంది. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 5 అంగుళాల వెడల్పు ఫొటోకు 1500 చుక్కలు. అందుకే ఫొటోను డాక్యుమెంటుగా పంపాలి. అట్ట రంగు అంచుదాకా రావాలంటే బొమ్మను చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టాలి. దర్జీ కుట్టుకోసం గుడ్డ వదిలినట్టు. కోతలో కత్తి అటూ ఇటూ జరిగినా తెల్ల గీత కనిపించదు.

తెలుగు అక్షరానికి ప్రత్యేకమైన చూపు కావాలి. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. వరుసలు దగ్గరైతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. 16 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య 24 పాయింట్ల వరకు ఎడం ఇస్తే ఊపిరాడుతుంది. ఇంకో చిక్కు ఫాంట్లది. ఫోనులో టైపు చేసేది యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లలో వాడేది అను ఫాంట్లు. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు పొల్లులు, వత్తులు చెదురుతాయి. మార్చినది బాగానే ఉందనుకుని వదిలేయకూడదు. మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవాలి. పాటలో ప్రతి చరణం చివరా వచ్చే పల్లవి మాటను ప్రతిసారీ అచ్చు వేయక్కర్లేదు. మొదటి రెండు చరణాల్లో చూపితే చాలు. పాడేవాళ్లకు అది నోటికి వస్తుంది. అలా చేస్తే పేజీలో చోటు మిగులుతుంది. అక్షరం పెద్దదిగా ఉంచుకోవచ్చు.

ప్రెస్సుకు పని చెప్పేటప్పుడు ఆది జాకెట్టును గుర్తుచేసుకోవాలి. దర్జీకి కొలతలన్నీ నోటితో చెప్పరు. సరిగ్గా ఉన్న పాత జాకెట్టు ఇస్తారు. ప్రెస్సుకూ అలాంటి పాత పుస్తకం ఒకటి చూపాలి. ఈ సైజు, ఈ కాగితం, ఈ అట్ట అని చెప్పాలి. ఆ తర్వాత కాగితం మీద రాయించుకోవాలి. పేజీలు, కాపీలు, కాగితం బరువు, రంగులు, పిన్ను, చేతికిచ్చే తేదీ. ఇద్దరు ముగ్గురిని అడిగినప్పుడు అందరికీ ఇవే వివరాలు ఇవ్వాలి. లేకపోతే ఒకరు చెప్పిన ధర పల్చని కాగితానిది, ఇంకొకరిది మందమైనదానిది అవుతుంది.

కాపీల సంఖ్య కూడా ఇక్కడే తేలుతుంది. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకూ మిషను సిద్ధం చేయడానికీ అయ్యే ఖర్చు 200 కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. ఒక్క కప్పు టీకైనా, పది కప్పులకైనా పొయ్యి వెలిగించాల్సిందే కదా. కాపీలు పెరిగితే ఒక్కోదాని ధర తగ్గుతుంది. అలాగని అమ్ముడుపోని కట్టలు మూలన పడితే లాభం లేదు. వందా రెండు వందలు చాలనుకుంటే డిజిటల్ అచ్చు మేలు. దానికి ప్లేట్లు అక్కర్లేదు.

ఇప్పుడు ప్రూఫు. డీటీపీ అయ్యాక ప్రెస్సు పనుల్లో ఎక్కువ వ్యవధి ఇవ్వాల్సింది దీనికే. పైన లెక్కలో మొదటి ప్రూఫుకు 4, రెండోదానికి 3 రోజులు పెట్టింది అందుకే. పాటలు సేకరించిన మనిషికి తప్పులు కనబడవు. ఆమెకు పాట నోటికి వచ్చు. కళ్లు అక్షరాన్ని దాటిపోతాయి. ఆ పాట ఎన్నడూ వినని మనిషి ఒకరు చదవాలి. పాత ప్రెస్సుల పద్ధతి ఇప్పటికీ మంచిదే. ఒకరు అసలు ప్రతిని పైకి చదువుతారు. ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టుకుని వెంట వస్తారు. కన్ను వదిలేసింది చెవి పడుతుంది.

అంకెలను విడిగా చూడాలి. పెండ్లి కార్డు దీనికి మంచి ఉదాహరణ. ముహూర్తం రాత్రి 2 గంటల 18 నిమిషాలకు అనుకుందాం. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. క్యాలెండరు తేదీ అర్ధరాత్రి మారుతుంది. శుక్రవారం రాత్రి 2 గంటలకు అని పంచాంగం చెబితే క్యాలెండరులో అది శనివారం. కార్డు మీద ఒక్క తేదీ మాత్రమే వేస్తే సగం చుట్టాలు ఒకరోజు ముందు వస్తారు, లేదా పెండ్లయ్యాక వస్తారు. అందుకే మన పెద్దలు శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం అని రాయించేవారు. రెండు వారాలూ, రెండు తేదీలూ వేయాలి. విందు వేళ విడిగా వేయాలి. ప్రూఫు చూసేటప్పుడు క్యాలెండరు పక్కన పెట్టుకోవాలి. వారం, తేదీ సరిపోయాయో లేదో వేలు పెట్టి చూడాలి. అచ్చయిన ఫోన్ నంబరుకు ఒకసారి ఫోను చేసి చూడాలి. కురుమూర్తి జాతరకో, చెర్వుగట్టు జాతరకో కరపత్రం వేసేవాళ్లకూ ఇదే జాగ్రత్త. తిథి రాస్తే పక్కన తేదీ కూడా ఉండాలి.

ఎన్నికల కరపత్రాలకు ఇంకో నియమం ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షన్ ప్రకారం కరపత్రం మీద, పోస్టరు మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పనిసరిగా ఉండాలి. ప్రూఫులో ఆ వరుస ఉందో లేదో చూడాల్సిందే.

రెండో ప్రూఫులో మొదటిసారి దిద్దినవి సరిగ్గా దిద్దారో లేదో చూడాలి. ఒక తప్పు దిద్దబోతే పక్కన కొత్త తప్పు పడటం మామూలే. అంతా సరిపోయాక ఒక్కరు సంతకం చేయాలి. పదిమంది తలో మాట ఫోనులో చెప్పే పద్ధతి మానుకోవాలి. ఆ సంతకంతో కట్లు పడ్డట్టే. ఇక రంగులో ముంచడమే.

తర్వాతి పని ప్రెస్సుది. అయినా మొదటి షీట్లు మిషను మీద నుంచి వచ్చేటప్పుడు సంఘం తరఫున ఒకరు అక్కడ ఉంటే మంచిది. నలుపు నిండుగా ఉందా, ఎరుపు పక్కకు జరిగిందా, పేజీల వరుస డమ్మీ ప్రకారం ఉందా చూడాలి. భాద్రపదం వానల కాలం. గాలిలో తేమ ఉంటే కాగితం కాస్త సాగుతుంది, సిరా ఆలస్యంగా ఆరుతుంది. ఆరకముందే మడిస్తే ఎదురు పేజీకి మరక అంటుతుంది. అచ్చుకు పెట్టిన 4 రోజుల్లో ఆరుదలనూ కలిపింది దీనికోసమే. తొందర పెట్టకూడదు.

కట్టలు చేతికి వచ్చాక ఒక్కో కట్ట నుంచి రెండు మూడు కాపీలు తీసి పేజీలన్నీ తిప్పాలి. పిన్ను నడిమి మడత మీదే పడిందా, ఫారం ఏదైనా తలకిందులైందా చూడాలి. లెక్క సరిచూసి, ఊరి పేరు రాసిన చీటీలతో కట్టలు విడదీయాలి. నేల మీద నేరుగా పెట్టకూడదు. చెక్క మీదో, మంచం మీదో పెట్టాలి. చెమ్మ తగిలిన కాగితం అంచులు వంకర పోతాయి.

చివరగా రెండు వస్తువులు భద్రపరచాలి. ఒకటి డీటీపీ ఫైలు, దానితోపాటు వాడిన ఫాంట్లు, ఫొటోలు. అవి సంఘం దగ్గర కూడా ఉండాలి. రెండోది పుస్తకం కాపీ ఒకటి. పండుగ తొమ్మిది రోజుల్లో పాడేవాళ్లు చెప్పిన తప్పులన్నీ, ఈసారి చేరని పాటల పేర్లు, ఏ ఊళ్లో ఎన్ని అమ్ముడయ్యాయో దాని మీదనే ఎర్ర సిరాతో రాసి పెట్టాలి. సద్దుల బతుకమ్మ మరునాడు ఆ కాపీ సంఘం బీరువాలోకి వెళ్లాలి. వచ్చే ఆషాఢంలో మొదట బయటికి తీయాల్సింది దాన్నే.